గుర్తు మారే భారం: ఐగెన్ విలువలు, ఒక ఇనుప పట్టీ

జూలై 6, ఆదివారం

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇవాళ పాత పుస్తకం ఒకటి దొరికింది. అట్ట ఊడిపోయింది, మొదట్లో కొన్ని పేజీలు కూడా లేవు. స్టర్మ్-లియూవిల్ (తీగ కంపనం లాంటివాటి అవకలన సమీకరణాల సిద్ధాంతం) అధ్యాయం మాత్రం పూర్తిగా ఉంది, నాకు కావలసింది అదే. ఇంటికొస్తూ బస్సులో చదువుతుంటే ఒక షరతు దగ్గర కళ్ళు ఆగిపోయాయి. సమీకరణంలో లామ్డా (సున్నా కాని జవాబు వచ్చేది దీని కొన్ని విలువలకే, అవే ఐగెన్ విలువలు) పక్కన ఉండే భార ప్రమేయం అంతటా ధనంగా ఉండాలట. బీటెక్‌లో ఈ మాట చదివాను, దాటేశాను. తీగకు ఒకచోట బరువు, ఇంకోచోట మైనస్ బరువు ఉండవు కదా అనుకున్నాను.

కానీ భారం అంటే ప్రతిసారీ బరువే కానక్కర్లేదు. పల్చటి లోహపు రేకులోకి ఎలక్ట్రాన్లు దూసుకెళ్తున్నాయి. కొన్ని ముందుకు పోతాయి, పరమాణువులకు తగిలి దారి మళ్ళి కొన్ని వెనక్కి వస్తాయి. ఆ లెక్క రాస్తే భారం ఉండాల్సిన చోట ఎలక్ట్రాన్ దిశ వచ్చి కూర్చుంటుంది. ముందుకు పోయేవాటికి ప్లస్, వెనక్కి వచ్చేవాటికి మైనస్. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త బోథే 1929లో ఎలక్ట్రాన్ల చెదురుపాటు మీద పనిచేస్తూ ఇలాంటి సమీకరణం దగ్గరికే వచ్చాడు. గణితంలో అంతకన్నా ముందే, 1918లో, గణితవేత్త రిచర్డ్‌సన్ గుర్తు మారే భారాలను పట్టించుకున్నాడు.

ఈ వానాకాలానికి నా ప్రాజెక్టు ఇదే. ముందు అన్నిటికన్నా తేలికైనది తీసుకుంటాను. ఎక్స్ −1 నుంచి 1 దాకా, రెండు చివర్లా వై సున్నా. కుడి సగంలో భారం +1, ఎడమ సగంలో −1. అంటే కుడివైపు వై రెండో అవకలజం −లామ్డా×వై, ఎడమవైపు +లామ్డా×వై. లామ్డా ధనమైతే కుడివైపు సైన్ అల లేస్తుంది, ఎడమవైపు హైపర్బోలిక్ సైన్ మెల్లగా అణిగిపోతుంది. లామ్డా గుర్తు మారిస్తే రెండు సగాలూ పాత్రలు మార్చుకుంటాయి. కాబట్టి ప్రతి ఐగెన్ విలువకూ సున్నాకు అవతల జంట ఉండి తీరాలి. మామూలు స్టర్మ్-లియూవిల్‌లో అన్నిటికన్నా కిందిది అంటూ ఒక ఐగెన్ విలువ ఉంటుంది, దాని మీద నిలబడే మిగతా సిద్ధాంతమంతా కట్టారు. ఇక్కడ కింద నేలే లేదు.

సున్నా దగ్గర రెండు ముక్కల విలువా వాలూ కలిపితే, లామ్డాను మ్యూ వర్గంగా రాసుకుంటే, వచ్చేది ఇంతే: టాన్ మ్యూ = −హైపర్బోలిక్ టాన్ మ్యూ. కాలిక్యులేటర్ మీద మూలాలు తీశాను: 2.365, 5.498, 8.639. వర్గాలు 5.593, 30.226, 74.639.

ఈ 2.365 ఎక్కడో చూశాను.

జూలై 9, బుధవారం

రాత్రి తొమ్మిదింటికి పైథాన్ తెరిచాను. అంతరాన్ని 401 బిందువులుగా కోసి, రెండో అవకలజానికి మూడు వరసల మాత్రిక రాసి, భారాన్ని కర్ణం మీద పెట్టి పైథాన్ గణిత లైబ్రరీ సైపైలో, సౌష్ఠవ మాత్రికల ఐగెన్ విలువలు తీసే ఐగ్‌హెచ్‌కు ఇచ్చాను. వెంటనే ఎర్రర్. రెండో మాత్రిక ధన నిశ్చితం (ఐగెన్ విలువలన్నీ ధనంగా ఉన్నది) కాదంటోంది. నిజమే, దాని కర్ణం మీద సగం మైనస్ ఒకట్లే ఉన్నాయి. సౌష్ఠవ మాత్రికలకు దశాబ్దాలుగా సానబెట్టిన పద్ధతులన్నీ ఆ షరతు మీదే ఆధారపడ్డాయని అప్పుడు బాగా అర్థమైంది.

ఏ మాత్రికకైనా పనిచేసే సాధారణ ఐగ్‌కు ఇస్తే జవాబులొచ్చాయి, వాటిలో ఒకటి అనంతం. పది నిమిషాలు వెతికాక తప్పు దొరికింది. 401 బిందువుల్లో సరిగ్గా మధ్యది సున్నా మీద పడింది, సున్నా గుర్తు సున్నా అని లెక్కకు వాడిన నంపై లైబ్రరీ దానికి భారమే లేకుండా చేసింది. సరే అని దానికి +1 ఇచ్చి చూశాను. 5.57 ఒకవైపు, −5.62 ఇంకోవైపు వచ్చాయి. జంట విడిపోయింది! ఒక్క బిందువు భారాన్ని కుడివైపుకు ఒరగబెడితే మూడో అంకె నుంచే తేడా. చివరికి 400 బిందువులు తీసుకున్నాను. సున్నా రెండు బిందువుల నడుమ ఖాళీలో పడుతుంది, ఎవరికీ పక్షపాతం లేదు. 5.593, −5.593.

ఇంకో దారి కూడా ఉంది. రెండు మాత్రికల స్థానాలు తారుమారు చేస్తే ధన నిశ్చితమైనది రెండోదవుతుంది, ఐగ్‌హెచ్ సంతోషంగా ఒప్పుకుంటుంది, జవాబుగా ఒకటి బై లామ్డా ఇస్తుంది. ఇది గుర్తుపెట్టుకోవాలి, ముందుముందు పనికిరాని రోజు వస్తుందని తెలిసినా.

పడుకునే ముందు గుర్తొచ్చింది. 2.365 రెండింతలు 4.730. నా ఉద్యోగంలో రోజూ చూసే అంకె. ఎక్కడా బిగించకుండా వదిలేసిన ఇనుప కడ్డీ కంపిస్తే వచ్చే మొదటి అంకె అదే.

జూలై 13, ఆదివారం

ఆ అంకెను మోగించి చూడటానికి రాణిగంజ్ వెళ్ళి ఇనుప పట్టీ (ఫ్లాట్) కొందామనుకున్నాను. ఇవాళ లష్కర్ బోనాలు, అటువైపు దారులన్నీ మూసేశారు. బాలానగర్‌లో మా బావ లేత్ షాపుకు వెళ్ళాను. షట్టర్ సగం దించి ఉంది, లోపల ఆయన గ్రైండర్ రాయి మారుస్తున్నాడు.

"ఏంది తమ్మీ, పండగ పూట ఇనుప ముక్క దేనికి?"

"గంట లెక్క మోగియ్యాలె బావా. 40 సెంటీమీటర్లు, రెండు చివర్లు సక్కగ ఉండాలె."

"మోగుడు సంగతి నాకెర్క లేదు గని, కొలతల మిల్లీమీటర్ తేడా రాదు పో."

మూలన పడున్న 25×6 మిల్లీమీటర్ల ఎం.ఎస్. (మెత్తటి ఉక్కు) ఫ్లాట్ తీసి, గుడ్డతో తుడిచి, తుప్పు ఉన్నవైపు కొంచెం వదిలేసి గీత పెట్టాడు. హాక్సాతో కోసి, చివర్లు ఆకురాయితో సాపు చేసి, వేలితో తడిమి చూసి మరీ ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. అక్క ఫలహారం పెట్టింది.

జూలై 14, సోమవారం

ఈ సాయంత్రాన్ని వివరంగా రాసుకోవాలి.

కడ్డీ కంపనంలో పౌనఃపున్యం 4.730 లాంటి అంకెల వర్గానికి అనుపాతంలో ఉంటుంది. నా సమస్యలో లామ్డా కూడా మ్యూ వర్గమే. అంటే పట్టీ పాడే స్వరాల నిష్పత్తులు నా ఐగెన్ విలువల నిష్పత్తులే కావాలి. 30.226ను 5.593తో భాగిస్తే 5.404. కంప్యూటర్ లేకుండా, చెవితో సరిచూసుకోవచ్చు.

బావ కూతురు చిన్ని ఇంటర్ సెకండియర్. పండక్కి మా ఇంటికొచ్చి ఇవాళ కూడా ఇక్కడే ఉంది. గిన్నెలు తోమే కొత్త స్పాంజి రెండు ముక్కలు చేసి, పట్టీ రెండు చివర్ల నుంచి 9 సెంటీమీటర్ల లోపల కింద పెట్టాం. మొదటి కంపనంలో పట్టీ కదలని చోట్లు అవే, పొడవులో 0.224 వంతు దగ్గర. అక్కడ ఆన్చితే స్పాంజి స్వరాన్ని మింగెయ్యదు. ఫ్యాన్ ఆపేశాం. చిన్ని ఫోన్‌లో పౌనఃపున్యాలు చూపించే యాప్ పట్టుకుంది, నేను స్క్రూడ్రైవర్ పిడితో పట్టీ చివర కొట్టాను. స్క్రీన్ మీద మూడు గీతలు లేచాయి: 194, 533, 1045 హెర్ట్జ్.

1045ను 194తో భాగిస్తే 5.39. కావలసింది 5.404. పట్టీకి మందం ఉంది కాబట్టి పై స్వరాలు సిద్ధాంతం చెప్పిన దానికన్నా కాస్త కిందికి జారాలి, జారాయి. మరి మధ్యలో ఈ 533 ఏమిటి? నా లెక్కలో దానికి చోటు లేదు.

నేను కాగితం మీద ఏదో గీస్తుంటే చిన్ని తానే స్క్రూడ్రైవర్ తీసుకుని పట్టీని అక్కడక్కడా కొడుతూ కూర్చుంది. కాసేపటికి, "మామా, నడిమిట్ల కొడ్తే ఒక గీత వస్తలేదు, చూశినవా?" అంది. స్కేలు పెట్టి సరిగ్గా 20 సెంటీమీటర్ల దగ్గర చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి మళ్ళీ కొట్టించాను. 194 ఉంది, 1045 ఉంది. 533 లేదు. రెండు వేళ్ళ దూరం పక్కకు జరిపితే వెంటనే తిరిగొచ్చింది.

మధ్యలో కొడితే పట్టీ రెండు వైపులా ఒకేలా ఊగే కంపనాలే లేస్తాయి. ఒకవైపు పైకి, రెండోవైపు కిందికి ఊగే దానికి మధ్య బిందువు కదలదు, అక్కడ కొడితే అది మేలుకోదు. నా సమీకరణానికి కావలసినవి ఆ సౌష్ఠవమున్నవే. 533ను వదలబుద్ధి కాలేదు. చివర్లలో వై సున్నా అనే బదులు వాలు సున్నా అని రాసి చూస్తే, టాన్ మ్యూ = హైపర్బోలిక్ టాన్ మ్యూ వచ్చింది. మొదటి మూలం 3.927, వర్గం 15.418. దాన్ని 5.593తో భాగిస్తే 2.757. 533ను 194తో భాగిస్తే 2.75. ఒకే ఇనుప ముక్కలో రెండు సరిహద్దు సమస్యలూ మోగుతున్నాయి.

జూలై 17, గురువారం

పట్టీకీ గుర్తు మారే భారానికీ సంబంధం ఏమిటని మూడు రోజులుగా తిరుగుతున్నాను. జవాబు మడతలో ఉంది.

సున్నా దగ్గర కాగితాన్ని మడిచినట్టు ఎడమ సగాన్ని కుడి సగం మీదికి తెచ్చి రెండింటినీ కూడాలి. కుడివైపు ముక్క రెండో అవకలజానికి మైనస్ లామ్డా, ఎడమవైపు ముక్కకు ప్లస్ లామ్డా. కాబట్టి మొత్తాన్ని నాలుగుసార్లు అవకలనం చేస్తే లామ్డా వర్గం బయటికొస్తుంది, గుర్తు గొడవ పోతుంది. అదే కడ్డీ సమీకరణం! ఆ మొత్తాన్ని ఒకసారి అవకలనం చేస్తే, సున్నా దగ్గర విలువా వాలూ రెండూ సున్నా, అంటే గోడలో బిగించిన చివర. 1 దగ్గర సౌష్ఠవ కడ్డీ నడిబిందువు. రెండు చివర్లూ బిగించిన కడ్డీకీ, రెండూ వదిలేసిన కడ్డీకీ పౌనఃపున్యాలు ఒకటే అన్నది పాత సంగతి. చిన్ని చాక్‌పీస్‌తో పెట్టిన గుర్తు నా సమస్యలో చివరి బిందువు. పట్టీ చివర, బావ ఆకురాయి పెట్టిన అంచు, భారం గుర్తు మారే సున్నా.

జూలై 20, ఆదివారం

ఇక అసలు పని. ఇంతవరకు ఐగెన్ విలువలన్నీ వాస్తవ సంఖ్యలే. అవి సంకీర్ణ సంఖ్యలు ఎప్పుడవుతాయి?

సమీకరణాన్ని −(వై రెండో అవకలజం) = లామ్డా×భారం×వై అని రాసుకుని, ఎడమ పక్కన −సి×వై అనే పదం చేర్చాను. సి ఒక మామూలు స్థిరాంకం, సున్నా నుంచి పైకి తిప్పే నాబ్ లాంటిది. ఒక్కో అడుగు 0.05. ప్రతి సి దగ్గరా ఐగెన్ విలువల్ని సంకీర్ణ తలం మీద చుక్కలుగా పెట్టించాను.

±5.593 జంట సున్నా వైపు కదలడం మొదలుపెట్టింది. మొదట నెమ్మదిగా, తరవాత పరుగు. సి 2.4 దగ్గర ±0.82. 2.45 దగ్గర ఇంకా దగ్గరగా. 2.5 దగ్గర రెండూ వాస్తవ రేఖ మీద లేవు. నిట్టనిలువుగా పైకొకటి, కిందికొకటి, ±0.57 కల్పిత సంఖ్యలుగా నిలబడ్డాయి. తారుమారు ఉపాయం ఇక్కడి నుంచి పనిచెయ్యదు, ఎడమ పక్క మాత్రిక ధన నిశ్చితం కాకుండా పోయింది. ఢీకొన్న చోటు 2.467, అంటే పై (π) వర్గంలో నాలుగో వంతు. భారం సంగతి పక్కన పెడితే, మామూలు తీగ మొదటి ఐగెన్ విలువ అదే.

జూలై 23, బుధవారం

ఢీకొన్న చోట అంకెలు మొండికేశాయి. సిని సరిగ్గా పై వర్గం బై 4 దగ్గర పెడితే లామ్డా సున్నా రావాలి. 200 బిందువులతో 0.022 కల్పితం వచ్చింది. 400తో 0.011. అడుగు సగం చేస్తే తప్పు నాలుగో వంతుకు పడిపోవాలి, ఈ పద్ధతికి అదే పేరు. ఇక్కడ సగమే పడింది.

కోడ్‌లో తప్పు వెతుకుతూ రెండు రాత్రులు పోయాయి. కోడ్‌లో తప్పు లేదు. ఆ బిందువు దగ్గర లామ్డా వర్గం దాదాపు −పై వర్గం × (సి − 2.467). అంటే లామ్డా వర్గమూలంలా కదులుతుంది. కోతలో వచ్చే చిన్న తప్పు నాలుగో వంతుకు పడినా, దాని వర్గమూలం సగానికే పడుతుంది. రెండు ఐగెన్ విలువలు కలిసిపోయిన చోట రెండు ఐగెన్ ప్రమేయాలు (ఐగెన్ విలువకు జవాబుగా వచ్చే వైలు) లేవు, ఒక్కటే ఉంది, మాత్రిక జోర్డాన్ రూపంలో (కర్ణ మాత్రికగా మార్చలేని రూపంలో) ఇరుక్కుంది. అక్కడ కంప్యూటర్ ఇచ్చే అంకెల్లో సగం నమ్మకం తీసెయ్యాలి. పట్టికలో ఆ వరస పక్కన ఎర్ర గుర్తు పెట్టాను.

జూలై 27, ఆదివారం

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా విలువైన రెండు వరసల లెక్క ఇది. సమీకరణాన్ని వై సంకీర్ణ సంయుగ్మంతో గుణించి సమాకలనం చెయ్యాలి. ఎడమ పక్క వచ్చేది వాస్తవ సంఖ్య. కుడి పక్క లామ్డా ఇంటూ, భారంతో కలిపిన వై వర్గం సమాకలనం, అంటే కుడి సగం వాటా మైనస్ ఎడమ సగం వాటా. ఈ తేడా కూడా వాస్తవమే. కాబట్టి లామ్డా వాస్తవం కాకపోతే ఆ తేడా సున్నా కావడం తప్ప వేరే దారి లేదు. సంకీర్ణ ఐగెన్ విలువ గల ప్రమేయం ప్లస్ సగంలో ఎంత ఉందో మైనస్ సగంలోనూ అంతే ఉంటుంది. 2.467 దగ్గర ఆ ప్రమేయం కొసైన్ గుట్ట, సున్నాకు రెండు వైపులా ఒకే ఆకారం. తేడా సున్నా కాక ఏమవుతుంది?

ఇలా ధనమో రుణమో సున్నానో అయ్యే అంతర లబ్ధం (రెండు ప్రమేయాల్ని గుణించి సమాకలనం చేసే కొలత) ఉన్న అంతరాళాలకే గణితవేత్త క్రెయిన్ పేరు పెట్టారు. మరో గణితవేత్త పాంట్రియాగిన్ 1944లో, రుణ దిశలు పరిమిత సంఖ్యలోనే ఉన్నవాటి గురించి చెప్పినదాన్ని బట్టి నాకు ఒక హద్దు దొరుకుతుంది. ఎడమ పక్క ఆపరేటర్‌కు రుణ ఐగెన్ విలువలు ఎన్ని ఉంటే, వాస్తవ రేఖకు పైన ఉండే ఐగెన్ విలువలు అంతకు మించవు. నా సమస్యలో సి 2.467 నుంచి 9.870 దాకా ఆ లెక్క ఒకటి. కాబట్టి ఒక్క జంటే, సౌష్ఠవం వల్ల అది నిలువు రేఖ మీదే ఉండాలి.

ఇప్పుడు ప్రతి చుక్కకూ ఆ తేడా గుర్తును బట్టి రంగు వేస్తున్నాను. ధనమైతే నీలం, రుణమైతే ఎరుపు, సున్నా అయితే నలుపు.

సి ఇంకా పెంచాను. 5 దగ్గర జంట ±4.17 ఎత్తుకు ఎక్కింది. పైకే పోతుందనుకున్నాను. 9 దగ్గర చూస్తే 3.07కు దిగి ఉంది. సి సరిగ్గా పై వర్గం, 9.870 దగ్గర సున్నాకు చేరి, మళ్ళీ ఢీకొని, వాస్తవ రేఖ మీదికి దిగింది. 10.5 దగ్గర ±3.10. హద్దు రెండుకు పెరిగిన చోటే సంకీర్ణ విలువలు మాయమయ్యాయి. హద్దు గరిష్ఠం ఎంతో చెబుతుంది, అన్నీ ఉండి తీరాలని చెప్పదు. అయితే తిరిగొచ్చిన జంట రంగు మారింది. కుడివైపుది ఇప్పుడు ఎరుపు.

ఆగస్టు 3, ఆదివారం

ఎరుపుకు అర్థం ఇవాళ తెలిసింది. సి పెరిగితే లామ్డా ఎటు కదులుతుందో అవకలనం చేస్తే, ఆ వేగం వై వర్గం సమాకలనాన్ని ఆ ప్లస్, మైనస్ సగాల వాటాల తేడాతో భాగించి మైనస్ పెట్టినంత. అంటే నీలం చుక్కలన్నీ ఎడమకు, ఎర్ర చుక్కలన్నీ కుడికి. ఒకే రంగువి ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. నీలం, ఎరుపు ఎదురుపడితే ఢీకొంటాయి.

కాబట్టి సున్నా నుంచి కుడికి బయల్దేరిన ఎర్ర చుక్కకు, ఎప్పుడో 30.226 దగ్గర మొదలై ఎడమకు వస్తున్న నీలం చుక్క ఎదురుపడాలి. సి 12 దగ్గర ఒకటి 7.4, రెండోది 12.3. సిని 0.01 చొప్పున పెంచుతూ కూర్చున్నాను. 12.33 దగ్గర ఇంకా రెండూ వాస్తవ రేఖ మీదే ఉన్నాయి. 12.34 దగ్గర లేవు. నాలుగు నల్ల చుక్కలు, ±9.87 ఇరువైపులా పైకీ కిందికీ. రెండుకు రెండూ, ఈసారి హద్దు నిండింది.

9.87 అంటే పై వర్గం. 12.337ను పై వర్గంతో భాగించాను. 1.25. సరిగ్గా అయిదు బై నాలుగు. చేతులు వణికాయి. ఇది కంప్యూటర్ అంకె కాదు, కాగితం మీద తేలే అంకె. సి, లామ్డా కూడితే పై వర్గం ఇంటూ 9/4. తీసేస్తే పై వర్గం ఇంటూ 1/4. అంటే కుడి సగంలో సరిగ్గా ముప్పావు అల, ఎడమ సగంలో సరిగ్గా పావు అల. రెండూ సున్నా దగ్గర చదునుగా, వాలు లేకుండా కలుస్తాయి. సైన్ వర్గం సమాకలనం రెండు వైపులా సగం, సగం. తేడా సున్నా. నా నలుపు రంగు షరతు అక్షరాలా అదే. పావు, ముప్పావు, ఒకటింబావు అలల్లో ఏ రెండింటినీ జతచేసినా ఇలాంటి ఢీ బిందువు ఒకటి కాగితం మీదే రాసెయ్యొచ్చు. పావుకు పావు జతచేస్తే 2.467 దగ్గర సున్నాలో జరిగిన మొదటి ఢీ.

ఆగస్టు 10, ఆదివారం

గుర్తు మారే చోటును సున్నా నుంచి 0.2కు జరిపాను. సౌష్ఠవం పోయింది. కోడ్ నడపకముందే జవాబు డైరీలో రాసిపెట్టుకున్నాను: సి 2.467 దగ్గర కొసైన్ గుట్టలో మైనస్ వైపు వాటా ఎక్కువ, కాబట్టి తేడా రుణం. అప్పుడు ఢీ ఉండదు. ఎర్ర చుక్క ఒక్కటే సున్నాను నిక్షేపంగా దాటి కుడికి వెళ్తుంది, అవతల నుంచి వచ్చే నీలం చుక్క దానికి ఎక్కడో కుడివైపు ఎదురవుతుంది.

నడిపాను. 2.467 దగ్గర ఎర్ర చుక్క ఒంటరిగా సున్నాను దాటింది. సి 2.89 దగ్గర, లామ్డా 2.1 చుట్టుపక్కల, నీలం దానికి ఎదురుపడి రెండూ నల్లబడ్డాయి.

చిన్నికి ఆ బొమ్మ పంపాను. "మామా, పట్టీని కూడా ఒకవైపు పొట్టిగ కోపిద్దామా నాన్నతోని?" అని అడిగింది. మడతకు అటూ ఇటూ వేర్వేరు పొడవులుంటే అది ఎలాంటి కడ్డీ అవుతుందో ఆలోచించాలి. వచ్చే ఆదివారం బాలానగర్ వెళ్తాను.